మోచేతి పరీక్ష

పార్లర్‌కి వచ్చేవాళ్లంతా ఆవిడని అక్కా అనే పిలుస్తారు. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా మెట్లెక్కి వస్తూనే, ఆయాసమైనా తీరకముందే, "అక్క ఉందా?" అని అడుగుతారు. లేదంటే మళ్లీ వస్తామని అటునుంచటే దిగిపోతారు. పార్లర్ యజమానురాలు మేడంకి ఇందువల్ల ఎంత సంతోషమో అంత కడుపుమంట. సంతోషాన్ని పైకి చూపిస్తుంది. రెండోదాన్ని దగ్గుతో సరిపెట్టుకుంటుంది.

ఆ మంగళవారం ఉదయం మేడం మూడుసార్లు దగ్గింది.

కొత్తగా ఏదో ఆఫీసులో ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి వచ్చి, సంచీలోంచి తొమ్మిది సీసాలు తీసి అద్దం ముందు వరసగా నిలబెట్టింది. "ఇవన్నీ ఫోన్లో చూసి తెప్పించుకున్నానక్కా. వాడినవాళ్లందరికీ ముఖం మెరిసిపోతోందట. నాకు మాత్రం ఇదిగో, ఇలా అయింది" అంటూ చెంపలు చూపించింది.

అక్క సీసాల వంక చూడలేదు. కుర్చీని కిటికీ వైపు తిప్పింది. ట్యూబులైటు వెలుగులో ఏ ముఖమూ నిజం చెప్పదని ఆవిడ నమ్మకం. ఎండ వెలుతురులో గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ముక్కు పక్కల జిడ్డునీ చెంపల మీద లేచిన పొలుసుల్నీ పరకాయించి చూసింది.

"కడుక్కున్న గంటకి ముఖం ఎలా ఉంటుంది? జిడ్డు తేలుతుందా, బిగుసుకుపోతుందా?"

"మధ్యలో జిడ్డు, చెంపలు బిగుసుకుపోతాయి."

"మరి పూర్తి జిడ్డుముఖాలవాళ్ల ఫేస్‌వాష్ పెట్టి రెండు పూటలా తోముతున్నావు. గిన్నెల్ని కూడా అంతలా తోమరు తల్లీ."

అమ్మాయి ఏడవబోయి నవ్వింది. అక్క తొమ్మిది సీసాల్లో ఆరింటిని పక్కకి జరిపింది. "ఇవి నీకు పడవు. చెడ్డవని కాదు, నీకు పడవు. ఈ మూడే ఉంచుకో. ఇది ముఖం కడుక్కోవడానికి, ఇది తడి ఆరకముందే రాసుకోవడానికి, ఇది ఎండలోకి వెళ్లేముందు. అది కూడా వారానికి ఒకటి చొప్పున మొదలుపెట్టు. అన్నీ ఒకేసారి పూసుకుంటే ముఖం పాడుచేసిన దొంగ ఎవరో ఎలా తెలుస్తుంది?"

"మరి ఫౌండేషనో?"

"మణికట్టు మీద రాసి చూసి కొన్నావు కదూ? నీ మణికట్టుకీ ముఖానికీ పోలికే లేదు. దవడ దగ్గర రాసుకుని ఆరుబయట చూసుకోవాలి. రాసిన చోటు కనబడకుండా పోయిందంటే అదీ నీ రంగు. ఈ పొలుసులు తగ్గేదాకా మాత్రం దాని జోలికి పోకు."

"ఇక్కడ ఫేషియల్ ఏమీ చేయించుకోవద్దా?"

"ఇప్పుడు వద్దు."

మేడం మూడో దగ్గు అప్పుడే దగ్గింది.

ఆ అమ్మాయి వెళ్లాక మేడం బల్ల కింద నుంచి కొత్త పెట్టె బయటికి లాగింది. జుట్టుకి వేసే రంగు, కొత్త కంపెనీది. మూలికలతో చేసిందట. పెట్టె మీద ఆకుల బొమ్మలు చూస్తే తలకి రాసుకోవాలో వండుకోవాలో తెలియనట్టు ఉన్నాయి. "ఇకనుంచి అందరికీ ఇదే. పాత రంగు తెప్పించడం ఆపేస్తున్నా. నీ పని కానిచ్చెయ్" అంది మేడం.

'నీ పని' అంటే ఏమిటో చెప్పాలి. మేడం బల్ల వెనక గోడకి ఒక బోర్డు ఉంది. 'ముందు మా చేతి మీద, తర్వాతే మీ తల మీద' అని పెద్ద అక్షరాలు, లోపల లైటు. ఆ చెయ్యి అక్కది. ఎప్పుడో ఒక కస్టమర్ రంగు వేయించుకోవడానికి భయపడితే, 'ముందు నేను పెట్టుకుంటానమ్మా, నాకేమీ కాకపోతేనే మీకు పెడతా' అని అక్క యూనిఫాం చొక్కా చెయ్యి పైకి మడిచింది. అది చూసి కస్టమర్ కుర్చీలో స్థిమితంగా కూర్చోవడం మేడం గమనించింది. ఆ మర్నాటికల్లా బోర్డు వచ్చింది. అప్పటినుంచీ పంతొమ్మిదేళ్లుగా ఆ షాపులోకి వచ్చిన ప్రతి రంగూ అక్క ఎడమ మోచేతి మడతలో, ప్రతి క్రీమూ కుడి మోచేతి మడతలో, ప్రతి సెంటూ చెవి వెనక ఒక రోజు కాపురం చేసి మరీ కస్టమర్ల దగ్గరికి వెళ్లాయి. అసలు పద్ధతి ప్రకారం ఎవరి తలకి రంగు వేస్తామో వాళ్ల చెవి వెనకే రెండు రోజుల ముందు పెట్టి చూడాలి. పెట్టె మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి కూడా ఉంటుంది. కానీ ఒక రంగు కోసం రెండుసార్లు మెట్లెక్కే ఓపిక ఎవరికుంది?

అక్క చిన్న గిన్నెలో రంగు కాస్త తీసుకుని, రంగు పట్టేలా చేసే డెవలపర్ నాలుగు చుక్కలు వేసి, బ్రష్ కొసతో కలిపింది. గడ్డ కట్టకుండా గిన్నె అంచుకి రుద్దింది. మోచేతి మడతలో గుండీ అంత మేర పూసి, ఆరేదాకా చెయ్యి చాచి నిలబడింది. వేళ్ల సందుల్లో పగుళ్లు కొన్నాళ్లుగా ఉన్నవే. రోజంతా నీళ్లలో నానే చేతులకి పగుళ్లు కాక పువ్వులు పూస్తాయా అని ఆవిడ వాటిని పట్టించుకోలేదు.

"ఎందుకక్కా ఈ తంటా? నీ హస్తవాసి చాలదా?" అంది దారమ్మ. కనుబొమ్మలు తీర్చే మనిషి. ఎప్పుడూ పళ్ల మధ్య ఒక కొస, వేళ్ల మధ్య రెండు కొసలుగా దారంతోనే కనబడుతుంది కనుక ఆ పేరు పడింది. మాట్లాడాలంటే దారం వదలాలి. అందుకని అందరికంటే తక్కువ మాట్లాడుతుంది.

"హస్తవాసి అంటే ఊరికే వస్తుందా? ఇదిగో, ఇలా వస్తుంది" అని అక్క మోచెయ్యి చూపించింది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో ఉన్న గర్వాన్ని కాదనలేం. మనిషికి తాను చేసే పనిలో అంత గర్వం ఉండడం అదృష్టమనే చెప్పాలి.

*

మర్నాడు పొద్దున్న మోచేతి మడత కమిలి ఉంది. మధ్యాహ్నానికి పొక్కులు లేచి చితచితలాడింది. చెయ్యి మడిస్తే మంట, చాపితే దురద. పంతొమ్మిదేళ్లలో ఎన్నడూ లేదు. అక్కకి నొప్పి కంటే కోపమే ఎక్కువ వచ్చింది.

"మేడం, ఈ పెట్టె వాపసు పంపెయ్యండి. ఇది మనుషులకి పెట్టే రంగు కాదు."

మేడం ఆ చేతిని దగ్గరగా చూసి "అయ్యో" అంది. ఆ అయ్యో నిజమైనదే. కాకపోతే అందులో సగం పెట్టె కోసం. దారమ్మని పిలిచింది. దారమ్మ మోచేతికీ అదే రంగు కాస్త పెట్టించింది. గురువారం ఉదయం దారమ్మ చొక్కా చెయ్యి పైకి మడిస్తే అక్కడ చర్మం నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

"చూశావుగా. రంగు మంచిదే. నీకు పడలేదు, అంతే" అంది మేడం.

తాను రోజూ పదిమందికి చెప్పే మాటే. కానీ తన మీదికి వచ్చేసరికి అక్కకి అది తిట్టులా వినిపించింది. "నా చెయ్యి ఇన్నేళ్లలో ఒక్కసారి అబద్ధం చెప్పిందా మేడం? ఎన్ని రంగులు పెట్టుకోలేదు! దారమ్మ చర్మం మొద్దుచర్మం. దానికేం తెలుస్తుంది?"

దారమ్మ నోట్లో దారం ఉండబట్టి సరిపోయింది.

అదే పూట లెక్కల టీచర్ వచ్చింది. మూడు వారాలకొకసారి పాపిట దగ్గర తెలుపు కప్పించుకుని పోయే పాత కస్టమర్. కుర్చీలో కూర్చుని కళ్లజోడు తీసి చేతికివ్వబోతే అక్క పుచ్చుకోలేదు. "ఇవాళ వద్దండీ. కొత్త రంగు వచ్చింది, అది మంచిది కాదు. మీకు పెట్టలేను" అని ఉన్నమాట చెప్పేసింది. టీచర్ తెల్లబోయి, "నువ్వే వద్దన్నాక ఇంకేం ఉంది" అని లేచి వెళ్లిపోయింది.

మేడం ఈసారి దగ్గలేదు. లేచి వచ్చి నెమ్మదిగా అంది. "నీ మంచికే చెబుతున్నా, విను. నా షాపులో కూర్చుని నా సరుకు చెడ్డదని చెబితే ఎలా? పోనీ, నీ మాటే నిజమనుకుందాం. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లు. ఈ రంగు మంచిది కాదని ఒక్క ముక్క రాయించుకురా, పెట్టె మొత్తం వాపసు పంపేస్తా. రాయకపోతే మాత్రం ఆదివారం నుంచి నీ చేత్తోనే అందరికీ ఈ రంగు వేస్తావు. వెయ్యలేనంటే ఇక ఇద్దరికీ ఇబ్బంది."

ఇబ్బంది అంటే ఏమిటో అక్కకి తెలుసు. ఇంతకుముందు ఇద్దరు అలాంటి ఇబ్బందితోనే మెట్లు దిగి వెళ్లారు, మళ్లీ ఎక్కలేదు. అయినా ఆవిడకి భయం వెయ్యలేదు. డాక్టరు రాస్తుంది, ఎందుకు రాయదు? చెయ్యి కళ్లెదుట కనబడుతుంటే! "ఇప్పుడే వెళ్తా" అని చెప్పులేసుకుంది. వెళ్లబోతూ పాత రంగు, కొత్త రంగు, ఇంకో రెండు రకాలు, చేతికి తొడుక్కునే రబ్బరు తొడుగు ముక్క, రోజూ వాడే క్రీములూ సెంటూ చిన్న చిన్న డబ్బీల్లో సర్దుకుంది. నాసిరకాన్ని పట్టివ్వాలంటే పక్కన మంచిది పెట్టి చూపించాలి కదా అన్నది ఆవిడ లెక్క.

*

ఆసుపత్రి బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాక డాక్టరమ్మ పిలిచింది. వయసులో చిన్నదే గానీ చూపు నిదానం. మోచెయ్యి చూసింది. తర్వాత, చూపించకపోయినా, రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని వేళ్ల సందులు విడదీసి చూసింది.

"ఇవి ఎన్నాళ్లనుంచి?"

"నీళ్ల పగుళ్లండీ. అవి కాదు, ఈ రంగు సంగతి..."

"అదీ చూద్దాం. తెచ్చినవన్నీ ఇలా పెట్టండి."

అక్క డబ్బీలన్నీ బల్ల మీద వరసగా పెట్టింది. డాక్టరమ్మ వాటిలోంచి చుక్క చుక్క తీసి చిన్న బిళ్లల్లో నింపించి, ఆసుపత్రివి ఇంకొన్ని కలిపి, మొత్తం పదహారు బిళ్లలు ఆవిడ వీపు మీద అంటించింది. పక్కన సిరాతో అంకెలు వేసింది. "రెండు రోజులు వీపు తడవకూడదు. చెమట పట్టకూడదు. చేతులెత్తి పని చెయ్యకూడదు. శనివారం రండి, తీసి చూస్తాను."

చేతులెత్తకుండా రెండు రోజులు ఎలా గడుస్తాయో అక్కకి అంతుపట్టలేదు. జుట్టు పట్టుకునే చేతులకి ఎత్తి ఉండడమే అలవాటు. ఇంట్లో కూతురు వంటింటి పని అందుకుంది. పదో తరగతి చదివే పిల్ల, ముఖం నిండా మొటిమలు. తల్లి ఇంత పేరున్న మనిషి అయ్యుండి ఒక్క క్రీమూ కొనివ్వదని దాని ఫిర్యాదు.

"మంచినీళ్లతో కడుక్కో, గిల్లకు, వేళ్లు పెట్టకు. నీ వయసుకి అదే మందు" అంది అక్క, ఎప్పటిలాగే.

"ఊళ్లో అందరికీ సీసాలు, నాకు మంచినీళ్లు" అని సణుగుతూనే కూతురు వెనక్కి వచ్చి జాకెట్టు కాస్త కిందికి లాగింది. "అమ్మా, అంకెలు చెరిగిపోతున్నాయి. ఏడు, ఎనిమిది అసలు కనబడడం లేదు." పెన్ను తెచ్చి ఒక్కొక్క అంకె మీదా జాగ్రత్తగా దిద్దింది. దిద్దుతూ దిద్దుతూ ఆగింది. "నాలుగు దగ్గర దురదగా ఉందా?"

"ఊఁ."

"ఐదు దగ్గర?"

అక్క జాకెట్టు సర్దుకుంది. నాలుగు కొత్త రంగు. ఐదు పాతది, ఇన్నేళ్లూ వేల తలలకి పెట్టిన రంగు, తన తలకీ నెల నెలా పెట్టుకునే రంగు. పొద్దుటినుంచీ మంటంతా ఐదు దగ్గరే ఉంది. అంకెలు తారుమారై ఉంటాయిలే అని ఆవిడ తనకి తాను చెప్పుకుంటోంది.

భర్త బస్సు డిపోలో మెకానిక్. సాయంత్రం వచ్చి సంగతి విని, "ఎవరి సరుకో ఎవరి తలకో పెడితే మధ్యలో నీకెందుకే ఈ పంతం?" అన్నాడు.

"నా చేతి మీద నమ్మకంతో వస్తారండీ వాళ్లు. వాళ్లకి అబద్ధం చెప్పనా?"

ఆయన చేతులకి అంటిన గ్రీజు కడుక్కోవడానికి లేచి వెళ్లాడు.

*

శనివారం డాక్టరమ్మ బిళ్లలు ఒక్కొక్కటే ఊడదీసింది. ఒక అద్దం వెనక పట్టుకుని, ఇంకోటి అక్క చేతికిచ్చి చూసుకోమంది. కస్టమర్లకి వెనక జడ చూపించడానికి అక్క రోజుకి ముప్పై సార్లు చేసే పనే అది. ఎదుటివైపు తాను ఉండడం ఇదే మొదలు.

నాలుగు ఎర్రగా ఉబ్బింది. ఐదు అంతకు రెండింతలు ఉబ్బి, నీరు దిగిన పొక్కై ఉంది. ఆరు, ఏడు, అవీ రంగులే, అవీ లేచాయి. రబ్బరు తొడుగు పెట్టిన చోట దద్దు. సెంటు పెట్టిన చోట దద్దు.

"మీరు కొత్త రంగు చెడ్డదన్నారు. పాతదాంట్లో ఉన్న మందే ఇందులోనూ ఉందమ్మా. ఈ నాలుగింట్లోనూ అదే. జుట్టు నల్లబడేది దానివల్లే. ఆకుల బొమ్మ ఉన్నా ఒకటే, పువ్వుల బొమ్మ ఉన్నా ఒకటే."

"మరి నిన్నమొన్నటిదాకా ఏమీ కాలేదే?"

"అది ఊరుకున్నన్నాళ్లు ఊరుకుంటుంది. రోజూ తగిలి తగిలి, ఒకనాటికి ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ఒకసారి తిరిగిందా, ఇక జన్మలో సర్దుకోదు. ఆ చేతి పగుళ్లు ఎప్పుడో మీకు చెబుతూనే ఉన్నాయి. సోమవారం ఇంకోసారి చూస్తాను గానీ, ఇంత స్పష్టంగా ఉన్నాక మారేదేం ఉండదు. రంగు చెడ్డదని నేను రాయలేను. మీకు పడదని రాస్తాను."

అక్క చేతులు ఒళ్లోకి లాక్కుని, "వేరే తొడుగులు వేసుకుని చేసుకుంటానండీ" అంది.

"తొడుగు దాటి చుక్క పడితే చాలు. ఈసారి మోచేతితో ఆగదు. కళ్లు మూసుకుపోతాయి, గొంతు వాచవచ్చు. ఇంకో పని చూసుకోండమ్మా." డాక్టరమ్మ రాస్తూ రాస్తూ అడిగింది, "అది సరే, మోచేతికి ఎందుకు పెట్టుకున్నారు?"

అక్క చెప్పింది. బోర్డు సంగతి, పంతొమ్మిదేళ్ల సంగతి, తన చేతి మీద చూసిగానీ ఎవరికీ పెట్టని సంగతి. చెబుతుంటే కుంగిపోయిన గొంతు మళ్లీ కాస్త లేచింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"మీ చెయ్యి చూస్తే వాళ్లకి పడుతుందో లేదో ఎలా తెలుస్తుందమ్మా? మీ కాలికి సరిపోయిన చెప్పులు పక్కింటావిడకి సరిపోతాయా? ఇన్నేళ్ల మీ పరీక్షకి ఒక్కటే అర్థం. మీకు పడిందని. ఇప్పుడు అదీ లేదు."

తల కొట్టేసినట్టయింది అక్కకి. ఇది తనకి తెలియని విషయమా? ఆ తొమ్మిది సీసాల పిల్లకి మంగళవారం తాను చెప్పిందేమిటి? అందరికీ పడింది నీకు పడాలని లేదు అనేగా? నోటితో ఒకటి చెబుతూ చేత్తో ఇంకోటి చేస్తూ ఇన్నేళ్లు ఎలా గడిపింది? గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట, పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ, రంగు వేయించుకున్న మర్నాడు కొంగుతో ముఖం కప్పుకుని వచ్చింది. కనురెప్పలు రెండూ వాచి కళ్లు గీతల్లా ఉన్నాయి. 'రంగు వల్ల కాదమ్మా, నేను ముందే నా చేతి మీద చూశాను. ఇంకేదో తిని ఉంటావు' అని తాను ఎంత ధీమాగా చెప్పింది! ఆవిడ నమ్మింది. ఏం తిన్నానా అని అక్కడే నిలబడి ఆలోచించింది పాపం. మళ్లీ నెలకి వచ్చి మళ్లీ వేయించుకుంది. ఆ తర్వాత రాలేదు. ఏమైందో అక్కకి తెలియదు, కనుక్కోనూ లేదు.

బస్సులో కాగితం విప్పి చదువుకుంది. ముట్టకూడనివాటి జాబితా. పార్లర్ అలమారాని పై అరనుంచి కింది అరదాకా చదువుతున్నట్టే ఉంది. చివర డాక్టరమ్మ చేత్తో రాసింది, 'తలకి రంగు వేసుకోరాదు' అని.

ఇంట్లో మంచం మీద కూర్చుని అక్క ఏడ్చింది. చేతులతో కళ్లు తుడుచుకుంటే ఉప్పునీళ్లకి పగుళ్లు మండాయి. ఈ చేతులకి ఇంకే పని వచ్చు? ఎవరి జుట్టు ఎటు తిరుగుతుందో, ఏ చర్మం ఎంత ఓర్చుకుంటుందో వేలు పెట్టగానే తెలిసే చేతులివి. ఆ తెలివి ఇంకెక్కడా పనికిరాదు. భర్త పక్కన కూర్చుని, "ఏదో ఒకటి చూద్దాంలే" అన్నాడు. ఆ 'ఏదో ఒకటి' ఏమిటో ఇద్దరికీ తెలియదు.

*

ఆదివారం పార్లర్‌లో ఊపిరాడనంత రద్దీ రోజు. అక్క అందరికంటే ముందే వెళ్లింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలా అని దారంతా అనుకుంటూనే వెళ్లింది. మేడం కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి రెండుసార్లు చదివింది. అక్క తల వంచుకుని నిలబడింది, పని మానిపించబోతున్న పనిమనిషిలా.

కానీ మేడం తిట్టలేదు. "నేను చెప్పానా లేదా?" అని మాత్రం అని, కాగితం మడిచి అక్క చేతికే ఇచ్చింది. "నిన్ను పొమ్మంటానని భయపడుతున్నావా? అంత పిచ్చిదాన్ని కాదు. వచ్చేవాళ్లు నీకోసం వస్తారు. ఇకనుంచి నువ్వేదీ ముట్టుకోకు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చో. ఎవరికి ఏది పడుతుందో చెప్పు, చాలు. చేసేవాళ్లు చేస్తారు. జుట్టు నెరిసేది కనబడకుండా తలకి రుమాలు కట్టుకో."

అక్కకి ప్రాణం లేచి వచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తబోయి, మంట గుర్తొచ్చి భుజానికి తుడుచుకుంది. అప్పుడు బోర్డు వైపు చూసింది.

"మరి మోచేతి పరీక్షో?"

"దారమ్మ పెట్టుకుంటుంది. నిన్ననే అడిగా, సరేనంది."

"మేడం, ఆ పరీక్షకి అర్థం లేదట. డాక్టరమ్మ చెప్పింది. ఎవరి తలకి వేస్తామో వాళ్ల చెవి వెనకే పెట్టాలి, రెండు రోజులు ఆగాలి. నేను చెబుతాను. నేను చెబితే ఒప్పుకుంటారు."

"సరే, చెప్పి చూడు. మధ్యాహ్నం దాకా చూద్దాం" అంది మేడం.

మొదట వచ్చినావిడ విని, "రెండు రోజులా? నాకు సాయంత్రమే ఫంక్షన్ ఉందక్కా" అని నవ్వేసింది. చెవి వెనక పెట్టబోతే, "నామీద ప్రయోగాలు చేస్తారా ఏమిటి? మీ బోర్డు మీద ఉన్నది వేరేగా" అంది. వెళ్లిపోయింది. తర్వాత ఇద్దరు తోడికోడళ్లు వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "అంత భయంకరమైన రంగైతే మాకెందుకులెండి" అని దిగిపోయారు. ఎదురుగా రోడ్డు అవతల ఇంకో పార్లర్ ఉంది. వాళ్లు దాని మెట్లెక్కడం కిటికీలోంచి బాగా కనిపించింది. లెక్కల టీచర్ ఒక్కతే శ్రద్ధగా విని, తలూపి, "మంగళవారం వస్తాలే" అంది. ఆవిడా కిందికి దిగి రోడ్డు దాటింది.

మేడం లేచి వచ్చి, కిటికీ దగ్గరి కుర్చీ ఎత్తి గోడవారగా పెట్టి, మళ్లీ వెళ్లి తన చోట కూర్చుంది.

అక్క నిలబడే ఉంది. కాళ్లు లాగుతున్నాయి. ఇంటికి వెళ్తే ఏమిటో తెలుసు, మంచం, మంచం మీద మండే చేతులు. ఇక్కడ ఉన్నమాట చెబుతూ నిలబడితే కూర్చోవడానికి కుర్చీ కూడా మిగలదని ఇప్పుడు తెలిసింది.

రెండు గంటలకి ఒక పెద్దావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. వారంలో ఆ అమ్మాయి పెళ్లి. తల్లీకూతుళ్లిద్దరికీ రంగు, తర్వాత అలంకరణ. పెద్దావిడ బోర్డు చదివి, ముఖం విప్పార్చుకుని, "అక్కా, ఈ కొత్త రంగు మీ చేతి మీద చూశారా?" అని అడిగింది.

మేడం దగ్గలేదు. దారమ్మ పళ్ల మధ్య దారం ఆగింది. షాపంతా తన నోటివైపే చూస్తున్నట్టు అనిపించింది అక్కకి.

"మీ ఇద్దరికీ వేరే వేరే ఛాయలు కావాలి కదండీ" అంది నెమ్మదిగా. "ఇవాళ మా చేతి మీద పెట్టి చూస్తాం. రేపు రండి, నిశ్చింతగా వేయించుకుందురు గాని."

"అదీ మాట! అందుకే ఇంత దూరం వచ్చాం" అని పెద్దావిడ తృప్తిగా లేచింది. మేడం వాళ్లని మెట్ల దాకా సాగనంపింది. వెనక్కి వస్తూ కుర్చీని కిటికీ దగ్గరికి జరిపింది.

దారమ్మ అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని వచ్చి నిలబడింది. మేడం రెండు గిన్నెల్లో రెండు ఛాయలూ కలిపి ఇచ్చింది. "పెట్టడం మాత్రం నువ్వే పెట్టు, ఎంత పెట్టాలో దానికి తెలియదు" అంది. అక్క బ్రష్ కాడకి కాగితం చుట్టి, చిట్టచివర పట్టుకుంది. దారమ్మ మోచెయ్యిని కిటికీ వెలుతురులోకి తిప్పింది. మొద్దుచర్మం అన్నది కోపంలో అన్న మాట. అది పల్చటి చర్మం, కింద నరాలు నీలంగా కనబడుతున్నాయి. కుడిచేతి వేళ్ల సందుల్లో దారం కోసిన గాట్లు ఉన్నాయి. వాటి చుట్టూ చర్మం కాస్త ఎర్రబారి, పొలుసు లేచి ఉంది. మిగతావాళ్లెవరూ దాన్ని గమనించి ఉండరు.

"ఈ సందుల్లో దురద పెడుతోందా?" అంది అక్క.

"అప్పుడప్పుడూ. దారం వల్లేలే అక్కా." దారమ్మ మేడంకి వినబడకుండా గొంతు తగ్గించింది. "నీకయినట్టు నాకేమీ కాదు కదా?"

అక్క ఆ గాట్ల వంకే చూస్తూ నిలబడింది. చెప్పాల్సిన మాట ఏమిటో ఆవిడకంటే బాగా తెలిసినవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు.

"నీ చర్మం మంచిదే. నీకు పడుతుంది" అంది.

"నువ్వన్నావంటే ఇక నాకు బెంగ లేదు" అని దారమ్మ నవ్వి, చెయ్యి చాపి పట్టుకుంది.

అక్క గుండీ అంత మేర రెండు చోట్ల పూసింది. గిన్నెలు, బ్రష్ తీసుకుని సింకు దాకా వెళ్లింది. కుళాయి మీద చెయ్యి వెయ్యబోతూ, ఆ రంగు తాను ముట్టకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది.

"దారమ్మా, ఇవి కూడా కాస్త కడిగెయ్యవే" అంది.